రాయడం ఒక ఎత్తు, చదివించడం మరో ఎత్తు

పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసేటప్పుడు ఇన్‌స్టాలర్ ముందుగా కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. భాష ఏది, కీబోర్డు ఏది, ఏ దేశపు సమయం పెట్టాలి, హార్డ్‌డిస్క్‌లో ఎంత జాగా వాడుకోవాలి? సరేనని నొక్కగానే హార్డ్‌డిస్క్‌ను విడగొట్టి ఫార్మాట్ చేస్తుంది. డీవీడీ మీదున్న ఫైళ్లను తెచ్చి పేర్చడం ఆ తర్వాతే మొదలవుతుంది. డీవీడీలో చదవలేని చోటు ఏదైనా ఉంటే బయటపడేదీ అప్పుడే. పట్టీ సగం దాకా వచ్చి ఆగిపోతుంది. డ్రైవ్‌లో డిస్క్ జోరుగా తిరిగి, నెమ్మదించి, మళ్లీ జోరందుకుంటుంది. కాసేపటికి ఫలానా ఫైలు చదవలేకపోయానని తెర మీద ఎర్రర్. అప్పటికే పాత విండోస్ పోయింది, కొత్త లినక్స్ రాలేదు. రెండింటికీ చెడ్డ రేవడి.

ఇలాంటప్పుడు నింద సాధారణంగా లినక్స్ మీద పడుతుంది. ‘మన సిస్టమ్‌కి ఇది పడదు’ అని తేల్చేసి మళ్లీ విండోస్ వేయించుకుంటారు. డౌన్‌లోడ్‌లో ఓ ముక్క పాడై ఉండవచ్చని గానీ, డిస్క్ సరిగా రాయబడి ఉండకపోవచ్చని గానీ, దాన్ని చదివే డ్రైవే ముసలిదై ఉండవచ్చని గానీ అనుమానం రాదు. డిస్క్ రాసే సాఫ్ట్‌వేర్ ‘విజయవంతంగా పూర్తయింది’ అని చెప్పింది కదా! ఆ మాటకు అర్థం ఒక్కటే. రాయమన్నది రాశానని. రాసింది మళ్లీ చదవగలనని అది మాట ఇవ్వలేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్ వంటి షరతులున్నాయి. బాగానే పనిచేస్తున్న పాత డెస్క్‌టాప్‌లు చాలా ఆ షరతుల దగ్గరే ఆగిపోతాయి. వాటికి మిగిలిన దారుల్లో లినక్స్ ఒకటి. ఇప్పుడు ఎక్కువమంది పెన్‌డ్రైవ్‌తోనే ఇన్‌స్టాల్ చేస్తున్నారు. అయితే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడానికి మొరాయించే పాత మదర్‌బోర్డులు ఉన్నాయి, డీవీడీ రైటర్ ఇంకా పనిచేస్తున్న సిస్టమ్‌లూ ఉన్నాయి. అలాంటి చోట డిస్కే దిక్కు.

ఫ్లాపీల కట్టల నుంచి

1990ల మొదట్లో లినక్స్ చేతికి రావాలంటే ఫ్లాపీల కట్ట కావాలి. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. స్లాక్‌వేర్ వంటి పంపిణీని పూర్తిగా తెచ్చుకోవాలంటే డజన్ల కొద్దీ ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాలి. వాటిలో ఒక్కటి చెడినా కథ మొదటికి వచ్చేది. 1992 చివర్లో ఇగ్‌డ్రాసిల్ అనే సంస్థ లినక్స్‌ను సీడీ మీద అందించడం మొదలుపెట్టింది. సీడీ నుంచే నేరుగా నడపగల లినక్స్‌గా కూడా దానికి పేరుంది. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి ‘ఎల్ టొరీటో’ అనే ప్రమాణాన్ని ప్రకటించాక, బూట్ ఫ్లాపీ తోడు లేకుండానే కంప్యూటర్ సీడీ నుంచి లేవడం కుదిరింది.

మన దేశంలో ఇంటర్నెట్ నిమిషాల లెక్కన అమ్ముడైన రోజుల్లో ఆరేడు వందల ఎంబీలు దించుకోవడం అయ్యే పని కాదు. కాబట్టి లినక్స్ ఇళ్లకు చేరింది పత్రికలతో వచ్చే సీడీల మీద. 2003లో మొదలైన ‘లినక్స్ ఫర్ యు’ పత్రిక ప్రతి సంచికతో డిస్క్ ఇచ్చేది. 2004 అక్టోబరులో తొలి విడుదలతో వచ్చిన ఉబుంటు మరో అడుగు ముందుకేసింది. ‘షిప్‌ఇట్’ పథకం కింద చిరునామా రాస్తే చాలు, పోస్టేజీతో సహా ఉచితంగా సీడీలు పంపేది. బ్రాడ్‌బ్యాండ్ విస్తరించాక, 2011లో ఆ పథకాన్ని ఆపేశారు. చెన్నైలోని సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్, హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఈ డిస్కుల కాలంలో పుట్టినవే.

అచ్చు సీడీలకూ, ఇంట్లో రాసుకున్న వాటికీ ఒక తేడా ఉంది. పత్రికతో వచ్చిన సీడీలో గుంటలు ఫ్యాక్టరీలో అచ్చుతో ఒత్తినవి. రైటర్‌లో రాసిన సీడీలో అసలు గుంటలే ఉండవు. అక్కడ ఉన్నది లేజర్ వేడికి మారిన రంగు పూత. ఇంటి డిస్కుల బలహీనతల్లో చాలావాటికి మూలం అక్కడే.

పాట దాటేస్తుంది, ప్రోగ్రామ్ దాటలేదు

గీతలు పడ్డ పాటల సీడీ బాగానే పాడుతుంది. అంతే గీతలున్న ఇన్‌స్టాలేషన్ సీడీ మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ఇందులో వింతేమీ లేదు. సీడీని ఫిలిప్స్, సోనీ రూపొందించింది సంగీతం కోసం. ధూళి, గీతలు తప్పవని వారికి ముందే తెలుసు. అందుకే సమాచారాన్ని వరుసగా కాకుండా దూరదూరంగా చెదరగొట్టి, దానికి అదనపు సరిదిద్దే సంకేతాలు జోడించి రాసే పద్ధతి పెట్టారు. దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పొడవున ట్రాక్ చెరిగిపోయినా ఈ పద్ధతి పూర్తిగా సరిదిద్దుకోగలదు. అంతకు మించిన దెబ్బ తగిలితే పాటల ప్లేయర్ అటూ ఇటూ ఉన్న ధ్వనిని బట్టి మధ్యలో ఖాళీని ఊహించి పూరిస్తుంది. వినేవారికి ఆ సంగతే తెలియదు.

ప్రోగ్రామ్‌లో ఊహకు చోటు లేదు. ఒక్క బిట్ మారినా అది వేరే ఫైలు అయిపోతుంది. అందుకే డేటా సీడీలో ఇంకో అంచె కాపలా పెట్టారు. సీడీ మీద ఒక్కో సెక్టారులో 2,352 బైట్లు ఉంటాయి. వాటిలో వాడుకరి సమాచారం 2,048 బైట్లే. మిగతావాటిలో 276 బైట్లు తప్పులు సరిదిద్దడానికి, 4 బైట్లు తప్పు ఉందో లేదో కనిపెట్టడానికి కేటాయించారు. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టార్లు పడతాయి. 2,048తో హెచ్చవేస్తే 73,72,80,000 బైట్లు. కవరు మీద అచ్చేసే ‘700 ఎంబీ’ ఇదే.

ఈ 700 చాలాకాలం లినక్స్ పంపిణీదారులకు లక్ష్మణరేఖ. అందులో ఇమిడ్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ ఉంచాలి, ఏది తీసేయాలి అని ప్రతి విడుదలకూ తర్జనభర్జన పడేవారు. జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ తన నాపిక్స్‌లో ఫైళ్లను కుదించి దాచే పద్ధతి వాడి, దాదాపు 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను ఒక్క సీడీలో పట్టించాడు. ఉబుంటు 2012 అక్టోబరులో వచ్చిన 12.10తో ఆ గీత దాటేసింది. 2024లో వచ్చిన 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ (డిస్క్ మొత్తానికి నకలు ఫైలు) 4.7 జీబీ మామూలు డీవీడీలో కూడా పట్టదు. టైనీ కోర్, పప్పీ, ఆల్పైన్ వంటి చిన్న లినక్స్‌లు మాత్రం ఇప్పటికీ సీడీలో ఇమిడే రూపాల్లో దొరుకుతున్నాయి.

మొదటి గండం: వచ్చిన ఫైలు అసలుదేనా?

డిస్క్ రాయడం కన్నా ముందే తప్పు దొర్లే అవకాశం ఉంది. ఐఎస్ఓ ఫైలు దిగేటప్పుడు కనెక్షన్ తెగిపోయి సగమే రావచ్చు. కంప్యూటర్‌లో ర్యామ్ చెడి ఉంటే సరిగా వచ్చిన ఫైలు కూడా హార్డ్‌డిస్క్‌కు ఎక్కేలోపు మారిపోవచ్చు. 4 జీబీ దాటిన ఐఎస్ఓను ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలని చూస్తే అసలు పట్టదు, ఎందుకంటే ఆ ఫార్మాట్‌లో ఒక్క ఫైలు 4 జీబీకి చేరకూడదు.

దీనికి మందు చెక్‌సమ్. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, మింట్ అన్నీ ఐఎస్ఓతో పాటు ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌ను ప్రకటిస్తాయి. అది 64 అక్షరాల, అంకెల వరుస. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. లినక్స్‌లో ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ అనే కమాండ్, విండోస్‌లో ‘సర్ట్‌యుటిల్’ ఈ వరుసను లెక్కగట్టి చూపిస్తాయి. వెబ్‌సైట్‌లో ఇచ్చిన దానితో పోల్చి చూడడమే మిగిలిన పని. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరిపెట్టుకోకుండా మొత్తం వరుసను కాపీ చేసి వెతికితే కంటికి పొరపాటు తగలదు.

పాత ఇన్‌స్టాలేషన్ పేజీల్లో 32 అక్షరాల ఎండీ5 కనిపిస్తుంది. దాన్ని రాన్ రివెస్ట్ 1991లో రూపొందించాడు. ఒకే ఎండీ5 వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను తయారుచేయవచ్చని చైనా గణితవేత్త వాంగ్ షియావోయున్ బృందం 2004లో చూపించింది. దారిలో పొరపాటున పాడైన ఫైలును పట్టుకోవడానికి ఎండీ5 ఇప్పటికీ పనికొస్తుంది. కావాలని మార్చిన ఫైలు విషయంలో మాత్రం దాన్ని నమ్మకూడదు.

కావాలని మారుస్తారా అంటే, మార్చారు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి దొంగలు చొరబడి, మింట్ 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకును తాము మార్చిన ఐఎస్ఓ వైపు తిప్పారు. అందులో కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే దొంగదారి ఉంది. ప్రాజెక్టు అధినేత క్లెమెంట్ లెఫెబ్ర్ వెంటనే ఆ సంగతి బయటపెట్టి, ఆ రోజు ఆ కూర్పును దించుకున్నవారిని చెక్‌సమ్ చూసుకోమని హెచ్చరించాడు. టోరెంట్ ద్వారా తెచ్చుకున్నవారికి ముప్పు తగల్లేదు.

వెబ్‌సైట్‌లో లింకు మార్చగలిగినవాడు పక్కనే ఉన్న చెక్‌సమ్‌ను మాత్రం వదులుతాడా? అందుకే పెద్ద ప్రాజెక్టులు చెక్‌సమ్ జాబితా మీద జీపీజీ డిజిటల్ సంతకం పెడతాయి. సంతకం చేసే తాళం వెబ్ సర్వర్‌లో ఉండదు కాబట్టి సర్వర్‌ను లోబరుచుకున్నవాడు కూడా సంతకాన్ని పుట్టించలేడు. మామూలు వాడుకరి సంతకం దాకా వెళ్లకపోయినా, చెక్‌సమ్‌ను ప్రాజెక్టు అసలు సైటు నుంచి, ఐఎస్ఓను మిర్రర్ (నకలు సర్వర్) నుంచి తెచ్చుకుంటే చాలావరకు రక్షణ ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి చెడే అవకాశం తక్కువ.

చెక్‌సమ్ కలవకపోతే మొత్తం ఫైలును పారేసి మళ్లీ దించుకోనక్కర్లేదు. టోరెంట్ పద్ధతిలో ఫైలును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ విడిగా చెక్‌సమ్ ఉంచుతారు. పాడైన ఐఎస్ఓను అదే పేరుతో టోరెంట్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో పెట్టి ‘రీచెక్’ చేయిస్తే, బాగున్న ముక్కలను ఉంచుకుని చెడినవాటినే తెచ్చుకుంటుంది. 4 జీబీ ఫైలులో పాడైంది ఒక ఎంబీ అయితే దించుకోవాల్సిందీ దాదాపు అంతే. రోజువారీ డేటా పరిమితి మీద నెట్టుకొచ్చేవారికి ఇది పెద్ద ఊరట.

రెండో గండం: రాసే తీరు

కొత్తవారు చేసే మొదటి పొరపాటు ఐఎస్ఓను మామూలు ఫైలులా సీడీ మీద వేసేయడం. అలా రాసిన డిస్క్‌ను తెరిస్తే లోపల ఒకే ఒక్క ఐఎస్ఓ ఫైలు కనిపిస్తుంది, కంప్యూటర్ దాని నుంచి బూట్ కాదు. ఐఎస్ఓ అంటే ఒక డిస్క్ మొత్తానికి సెక్టారు సెక్టారుగా తీసిన నకలు. ఏ సెక్టారులో బూట్ సమాచారం ఉందో, ఫోల్డర్ల పట్టిక ఎక్కడుందో అంతా అందులోనే ఉంది. దాన్ని యథాతథంగా డిస్క్ మీదికి దించాలి. సాఫ్ట్‌వేర్‌లో ‘బర్న్ ఇమేజ్’ అన్న మాట వెతకాలి. విండోస్ 7 నుంచి ఈ సదుపాయం విండోస్‌లోనే ఉంది. అంతకు ముందు ఎక్స్‌పీ వాడినవారు నీరో, ఇమ్జ్‌బర్న్ వంటివి వేసుకునేవారు. లినక్స్‌లో కే3బీ, బ్రాసెరో వంటివి ఉన్నాయి.

సరిగా రాసిన డిస్క్‌లో ఫైళ్లు, ఫోల్డర్లు చాలా కనిపించాలి. ఇది ఒక్క క్షణంలో చేయగల మొదటి పరీక్ష.

తర్వాతది వేగం. ఖాళీ సీడీ కవరు మీద 52ఎక్స్ అని ఉంటుంది. ఒక ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ, అంటే సీడీని పాటలా వినే వేగం. 16ఎక్స్‌తో రాస్తే నిండు సీడీకి దాదాపు 5 నిమిషాలు, 52ఎక్స్‌తో రాస్తే అందులో సగం పడుతుంది. మిగిలేది రెండు మూడు నిమిషాలు. ఆ వేగంలో డిస్క్ నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది. లేజర్ ఒక్కో గుర్తు మీద నిలిచే సమయం తగ్గిపోతుంది, డిస్క్‌లో కొద్దిపాటి వంకర ఉన్నా గుర్తుల అంచులు చెదురుతాయి. రాసిన డ్రైవ్ వాటిని చదివేస్తుంది. పదేళ్ల నాటి ఇంకో డ్రైవ్ చదవలేకపోవచ్చు.

అలాగని మరీ నెమ్మదిగా రాసినా మేలు జరగదు. తర్వాతి కాలపు డిస్కుల రంగు పూత వేగంగా రాయడానికి తగ్గట్టు తయారైంది, 1ఎక్స్, 2ఎక్స్ వంటి వేగాలకు అది సరిగా స్పందించకపోవచ్చు. సీడీకి 16 నుంచి 24ఎక్స్, డీవీడీకి 4 నుంచి 8ఎక్స్ చాలామంది అనుభవంలో నిలకడగా పనిచేసే మధ్యేమార్గం.

రైటర్ కూడా గుడ్డిగా రాయదు. ఖాళీ డిస్క్‌లో ముందే ఒత్తిన గాడి ఉంటుంది, దాని సన్నటి వంపుల్లోనే ఆ డిస్క్‌ను ఎవరు తయారుచేశారో, ఎంత వేగానికి తట్టుకుంటుందో సంకేత రూపంలో దాచి ఉంటుంది. రైటర్ దాన్ని చదివి, డిస్క్ లోపలి అంచున కేటాయించిన చోట లేజర్‌ను రకరకాల శక్తితో పరీక్షించి, ఏది సరిపోతుందో తేల్చుకున్నాకే అసలు రాత మొదలుపెడుతుంది. రైటర్ ఫర్మ్‌వేర్‌కు పరిచయం లేని నాసిరకం డిస్క్ పెడితే ఈ అంచనా తప్పుతుంది. పేరున్న కంపెనీ డిస్క్ కొనమని చెప్పేది ఇందుకే.

ఆ పేరున్న కంపెనీలు కూడా ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. రాయగల సీడీని పుట్టించినవాటిలో ఒకటైన జపాన్ కంపెనీ తైయో యూడెన్ 2015 చివరికి ఈ వ్యాపారం మానేసింది. 28 రూపాయలకే సినిమా వీసీడీలు అమ్మి మన ఇళ్లకు బాగా తెలిసిన మోజర్ బేర్ ఖాళీ డిస్కుల తయారీలోనూ పెద్ద సంస్థే. అది 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇప్పుడు దుకాణంలో దొరికే డబ్బాలో ఎవరి డిస్కులున్నాయో పేరు చూసి చెప్పడం కష్టం. కాబట్టి కొన్న డబ్బాలో మొదటి డిస్క్‌ను పూర్తిగా రాసి, పరీక్షించి చూడడం మంచిది.

ఒకప్పుడు డిస్క్ రాస్తుండగా మౌస్ కదిపినా భయమే. హార్డ్‌డిస్క్ నుంచి డేటా అందడం ఒక్క క్షణం ఆలస్యమైతే లేజర్‌కు రాయడానికి ఏమీ లేక రాత తెగిపోయేది, డిస్క్ చెత్తబుట్టకు చేరేది. 2000లో సాన్యో తెచ్చిన ‘బర్న్ ప్రూఫ్’ ఈ బాధ తప్పించింది. డేటా ఆగితే రాత ఆపి, అందగానే ఆగిన చోటి నుంచే కొనసాగిస్తుంది. దాదాపు అన్ని రైటర్లలోకీ అలాంటి ఏర్పాటు వచ్చింది. అయినా రాసేటప్పుడు పక్కన పెద్ద పనులు నడపకుండా ఉంటే అతుకులు తక్కువ పడతాయి.

రాశాక ‘వెరిఫై’ టిక్కు

విండోస్‌లో గానీ కే3బీలో గానీ రాసే ముందు ‘వెరిఫై’ అనే చిన్న పెట్టె ఉంటుంది. సమయం రెట్టింపు అవుతుందని చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. దాన్ని టిక్ చేస్తే, రాత పూర్తయ్యాక డిస్క్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివి ఐఎస్ఓతో పోలుస్తుంది. కే3బీ అయితే డిస్క్‌ను ఒకసారి బయటికి తోసి మళ్లీ లోపలికి లాక్కుంటుంది, జ్ఞాపకంలో మిగిలిన డేటాను కాకుండా డిస్క్ మీదున్న దాన్నే చదవడం కోసం.

చేత్తో పోల్చాలనుకునేవారికి ఓ చిక్కు ఎదురవుతుంది. డిస్క్ మొత్తాన్ని గుడ్డిగా చదివి చెక్‌సమ్ కడితే కొన్నిసార్లు చివర్లో ఎర్రర్ వస్తుంది, లేదా వరుస కలవదు. డిస్క్ చెడిందని పారేస్తారు. అది నిర్దోషి కావచ్చు. ‘ట్రాక్ ఎట్ వన్స్’ పద్ధతిలో రాసిన సీడీ చివర రెండు చదవలేని సెక్టార్లు మిగులుతాయి. అవి డేటాలో భాగం కావు. ముందుచూపుతో ఎక్కువ చదవబోయే డ్రైవర్ వాటికి తగిలి చతికిలపడుతుంది. ఫెడోరా కోర్ రోజుల్లో ఇన్‌స్టాలర్ స్వయంగా చేసే డిస్క్ పరీక్ష కూడా ఇలా బాగున్న డిస్కులను చెడ్డవని చెప్పేది, డీఎంఏ (డ్రైవ్ నుంచి డేటాను నేరుగా మెమరీకి పంపే పద్ధతి) ఆపి బూట్ చేసి మళ్లీ పరీక్షించమని సలహా ఇచ్చేవారు. విరుగుడు రెండు రకాలు. రాసేటప్పుడే ‘డిస్క్ ఎట్ వన్స్’ ఎంచుకోవడం ఒకటి. ఐఎస్ఓ పరిమాణాన్ని 2,048తో భాగిస్తే వచ్చినన్ని సెక్టార్లే చదివి చెక్‌సమ్ కట్టడం రెండోది.

మూడో గండం: ఎక్కించే సిస్టమ్

రాసిన డ్రైవ్‌లో డిస్క్ బాగా చదవబడితే సగం గట్టెక్కినట్టే. మిగతా సగం లినక్స్ వేయబోయే కంప్యూటర్ చేతిలో ఉంది. పరీక్ష అక్కడే, ఆ డ్రైవ్‌లోనే జరగాలి, హార్డ్‌డిస్క్ జోలికి పోకముందే జరగాలి.

పంపిణీదారులు ఇందుకు ఏర్పాటు చేశారు. ఫెడోరా ఐఎస్ఓ లోపలే దాని ఎండీ5ను దాచి ఉంచుతారు. డిస్క్ నుంచి బూట్ చేస్తే మెనూలో ‘ఈ మీడియాను పరీక్షించి మొదలుపెట్టు’ అన్న వరుస కనిపిస్తుంది. ఉబుంటు పాత కూర్పుల్లో డిస్క్ లోపాలు వెతికే వరుస మెనూలో విడిగా ఉండేది. 20.04 నుంచి బూట్ అవుతూనే పరీక్ష తనంతట తాను మొదలవుతుంది. విసుగొచ్చి కంట్రోల్-సీ నొక్కి దాటవేసేవారు తమ చేత్తోనే కాపలాదారును పంపేసినట్టు. డెబియన్ ఇన్‌స్టాలర్ మెనూలోనూ డిస్క్ సమగ్రతను చూసే అంశం ఉంది. నాపిక్స్‌లో బూట్ సమయంలో ‘టెస్ట్‌సీడీ’ అని కొట్టాలి.

పరీక్ష విఫలమైతే తప్పు ఎవరిదో తేల్చడానికి చిన్న లెక్క ఉంది. మళ్లీ నడిపినప్పుడు సరిగ్గా అదే చోట ఆగితే అనుమానం డిస్క్ మీద. ప్రతిసారీ వేరే చోట ఆగుతుంటే డ్రైవ్ మీద, కేబుల్ మీద, లేదా ర్యామ్ మీద. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ చాలా లినక్స్ డిస్కుల బూట్ మెనూలోనే ఉంటుంది. దాన్ని ఒక రాత్రంతా నడిపితే తేలిపోతుంది. అదే డిస్క్ వేరే కంప్యూటర్‌లో గెలిస్తే డ్రైవ్ లెన్స్ మీద దుమ్మో, దాని లేజర్ బలహీనతో కారణం కావచ్చు. అప్పుడు యూఎస్‌బీతో తగిలించే బయటి డీవీడీ డ్రైవ్ అరువు తెచ్చుకోవడం డిస్కుల మీద డిస్కులు రాయడం కన్నా నయం.

తప్పు డిస్క్‌దీ కాక, లినక్స్‌దీ కాక, డ్రైవ్ లోపలి ఫర్మ్‌వేర్‌ది అయిన సందర్భం కూడా ఉంది. 2003 అక్టోబరులో వచ్చిన మాండ్రేక్ లినక్స్ 9.2 వేస్తుండగా కొన్ని ఎల్‌జీ సీడీ డ్రైవ్‌లు శాశ్వతంగా మూగబోయాయి. కారణం వెతికితే విచిత్రం బయటపడింది. మిగిలిన డేటాను రాసి ఖాళీ చేయమని లినక్స్ కెర్నల్ పంపిన మామూలు ఆదేశాన్ని ఆ డ్రైవ్‌లు కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుకోమన్న ఆదేశంగా అర్థం చేసుకున్నాయి. ఉన్న ఫర్మ్‌వేర్‌ను చెరిపేసుకుని కూర్చున్నాయి. ఎల్‌జీ వాటిని బతికించే ఫర్మ్‌వేర్ ఇవ్వాల్సి వచ్చింది, మాండ్రేక్ తన ఐఎస్ఓను మార్చాల్సి వచ్చింది.

దాచే తీరు

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో సీడీ, డీవీడీలను జాగ్రత్త చేయడంపై ఓ మార్గదర్శిని ప్రచురించింది. అందులోని సలహాలు ఇప్పటికీ చెల్లుతాయి. సీడీలో డేటా పొర ఉండేది మనం జాగ్రత్తగా చూసుకునే మెరిసే వైపున కాదు, పేరు రాసే వైపున, పల్చటి లక్క పూత కిందే. 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ రక్షణ అంతా రెండో వైపు ఉంది. బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే గీత నేరుగా డేటాకు తగులుతుంది. ఘాటైన ద్రావకాలున్న మార్కర్ల రసాయనం పూతలోకి ఇంకవచ్చు, నీటి ఆధారిత మార్కర్ మేలు. కాగితం లేబుళ్లు అతికిస్తే బరువు ఒక పక్కకు తూగి, వేగంగా తిరిగేటప్పుడు డిస్క్ ఊగుతుంది. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. ట్రాక్ వెంట పడ్డ గీత ఒకే చోట వరుసగా ఎక్కువ డేటాను మింగేస్తుంది. ట్రాక్‌ను అడ్డంగా దాటిన గీతను సరిదిద్దే సంకేతాలు తేలిగ్గా భర్తీ చేస్తాయి.

రంగు పూతకు వేడి, తేమ, వెలుతురు మూడూ శత్రువులే. మన తీరప్రాంతపు ఉక్కపోతలో కిటికీ పక్క బల్ల మీద, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన డిస్క్‌కు ఎక్కువ ఆయుష్షు ఉండదు. చీకటిగా, పొడిగా ఉండే చోట పెట్టెలో నిలబెట్టి ఉంచాలి. తిరిగి రాయగల ఆర్‌డబ్ల్యూ డిస్కుల్లో రంగుకు బదులు రూపం మారే లోహ మిశ్రమం ఉంటుంది. వాటి నుంచి తిరిగొచ్చే వెలుగు తక్కువ కాబట్టి పాత డ్రైవ్‌లు కొన్ని వాటిని చదవలేవు. ఒకసారి ప్రయత్నించి చూడడానికి ఆర్‌డబ్ల్యూ చాలు, నాలుగు సిస్టమ్‌ల మీద తిప్పాలంటే మామూలు ఆర్ డిస్కే నమ్మకం.

ఒకసారి రాసి మూసేసిన ఆర్ డిస్క్‌కు పెన్‌డ్రైవ్‌కు లేని గుణం ఒకటుంది. వైరస్ పట్టిన కంప్యూటర్‌లో పెట్టినా దాని మీద ఎవరూ ఏమీ మార్చలేరు. పెన్‌డ్రైవ్ విషయంలో ఆ హామీ లేదు. ఐఎస్ఓ చెక్‌సమ్ చూడడం, రాశాక పోల్చడం, ఎక్కించే సిస్టమ్‌లో మీడియా పరీక్ష నడపడం మాత్రం పెన్‌డ్రైవ్‌కూ అక్షరాలా వర్తిస్తాయి. రాసిన వెంటనే పోల్చి చూసే బలేనా ఎచర్ వంటి సాఫ్ట్‌వేర్ ఆ పని అడగకుండానే చేస్తుంది.

డిస్క్ మీద ఏం రాయాలన్నది చిన్న సంగతే గానీ ముఖ్యమైనది. ‘లినక్స్’ అని మాత్రమే రాసిన డిస్క్ రెండేళ్లకు ఎందుకూ కొరగాదు. పేరు, కూర్పు సంఖ్య, రాసిన తేదీ, 32 బిట్‌దా 64 బిట్‌దా అన్నది రాయాలి. ఈ చివరిది మరీ ముఖ్యం. ఉబుంటు 2017లో 17.10తో 32 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓలు ఆపేసింది, ఫెడోరా 2019లో 31వ కూర్పుతో ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి పాత యంత్రం ఇంట్లో ఉన్నవారికి డెబియన్ 12 డిస్క్ అవసరం పడుతుంది. డెబియన్ తన పాత విడుదలల ఐఎస్ఓలను చెక్‌సమ్ జాబితాలతో సహా ఆర్కైవ్‌లో ఉంచుతోంది. బీరువాలో దొరికిన పాత డెబియన్ డిస్క్ ఇంకా బాగుందో లేదో, కూర్పు సంఖ్య రాసి ఉంటే, ఆ జాబితా తెరిచి ఇప్పటికీ తేల్చుకోవచ్చు.